యాభై మైళ్ళు మిగిలితే

మా బడి తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు గారికి కోడికూర వండుతున్నాను. పొద్దుటినుంచీ అయిదో తరగతికి పాఠాలు చెప్పి, మధ్యాహ్నం గంట కొట్టగానే పరుగున వచ్చి రోటి ముందు కూర్చున్నాను. మా ఆయన ఆ బడికే హెడ్మాస్టరు. అతిథితో వసారాలో మంచం మీద కూర్చుని, మధ్యలో ఒకసారి తొంగిచూశారు. "ఏమే, కారం తగ్గించు. మదరాసు మనిషి." ట్రైనింగు ఇద్దరం ఒకే ఏడు పాసయ్యాం. లెక్కల్లో నాకే ఎక్కువ మార్కులొచ్చాయి. ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

పొద్దున ఇన్‌స్పెక్టరు గారు పిల్లలకు ఒక లెక్క ఇచ్చారు. మదరాసు నుంచి ఢిల్లీకి పదకొండు వందల మైళ్ళు. విమానం గంటకు నూటయాభై మైళ్ళు పోతే ఎంతసేపట్లో చేరుతుంది? రైల్లో రెండు పగళ్ళూ రెండు రాత్రులూ పడుతుందట. మా గురజాల పిల్లలు యుద్ధం రోజుల్లో విమానాన్ని తలెత్తి చూశారు గాని, అందులో మామూలు మనుషులు కూర్చుని ఊరెళతారంటే పకపకా నవ్వారు. సరిగా చెప్పిన పిల్లను గుంటూరు బోర్డింగు బడికి పంపిస్తానని చెప్పి ఆయన రిజిస్టర్లలో మునిగిపోయారు.

నాపరాళ్ళు కొట్టే పున్నయ్య కూతురు సుందరి లేచింది. "ఏడు గంటలా ఇరవై నిమిషాలండీ."

మా ఆయన బోర్డు మీద భాగించారు. ఏడు వచ్చింది, యాభై మిగిలింది. "ఏడు గంటలా యాభై నిమిషాలు" అన్నారు.

"మిగిలింది మైళ్ళు గదండీ. గంటలో మూడోవంతే..."

"తప్పు చెప్పిందిగాక ఎదురు మాట్లాడేదేంది!"

ఇన్‌స్పెక్టరు గారు తలెత్తి నన్ను అడిగారు. "మీరేమంటారమ్మా?"

"హెడ్మాస్టరు గారు చెప్పిందేనండీ" అన్నాను.

ఒప్పు చెప్పిన పిల్ల, తప్పు చెప్పిన పిల్ల ముక్కు పట్టుకుని చెంప మీద కొట్టడం మా బడిలో రివాజు. బోర్డు చూసి యాభై అని రాసుకున్న ఆరోగ్యమ్మను నేనే పిలిచాను. అది గట్టిగానే కొట్టింది. సుందరి ఏడవలేదు, నా వంక చూసింది. మిగిలినవి ఏమిటో ముందు చూసుకోమని దానికి నేర్పింది నేనే.

భయపడ్డానంటే కొంత నయంగా ఉండేది. మా ఆయన చేయి చేసుకునే మనిషి కాదు. మూతి ముడుచుకుంటారు, రెండు రోజులు కంచం నెట్టేస్తారు, అంతే. ఆ రెండు రోజుల ముభావం తప్పించుకోవడానికి ఒక పిల్ల చదువు ధారపోశాను. తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

వడ్డిస్తుంటే ఇన్‌స్పెక్టరు గారు, "ప్రభాకరరావు గారూ, ఆరోగ్యమ్మ పేరు రాసేస్తాను" అన్నారు.

గరిటె గిన్నెలో పెట్టేశాను. "అయ్యా, సుందరి లెక్కే సరైందండీ."

మా ఆయన నవ్వేశారు. "ఆ పిల్లంటే దీనికి చానా ముద్దులెండి. నువ్వు లోపలికి పో."

పోలేదు. ఇన్‌స్పెక్టరు గారు తడివేలితో నేలమీద లెక్క వేసుకున్నారు. ఇరవై దగ్గర వేలు ఆపారు.

"పొద్దున అడిగితే మీరే కాదన్నారు గదమ్మా. అప్పుడు తెలియలేదా?"

తెలియలేదంటే అందరికీ సుఖం. మా ఆయన కళ్ళతో అదే చెప్పమంటున్నారు.

"తెలుసండీ" అన్నాను. "తెలిసే కొట్టించాను."