ఎడమ చెవి గాటు

మూడు వందల ఏళ్ల కిందట అమెరికాలో వర్జీనియాలోని ఒక కౌంటీలో ఇద్దరు ఆంబ్రోస్ టక్కర్లు ఉండేవారు. ఒకడు జడ్జి, ఇంకొకడు పందుల దొంగ. వాళ్లలో తమ మూలపురుషుడెవరో లొరీనా ఇవాళే తేల్చాలి. ఆదివారం చర్చి ఆవరణలో ఆయన జ్ఞాపకార్థం రాయి నిలబెడుతున్నారు.

"జడ్జేనక్కా! నా ముక్కు చూస్తే తెలియట్లా?" అన్నాడు తమ్ముడు హోలిస్.

"నీ ముక్కు సాక్ష్యం చెల్లదురా."

ఇద్దరి భూమి పత్రాల్లోనూ అదే పేరు, అదే వాగు. లొరీనా ఆ పాత పందుల దొంగతనం కేసు కాగితాలు తెరిచింది. ఆ కాలంలో పశువులను అడవిలోకి వదిలేసేవారు. ఎవరివో తెలిసేలా చెవి కోసి, ఆ గుర్తును కోర్టులో రాయించేవారు. అది తండ్రి నుంచి కొడుక్కి దక్కేది. ఆ దొంగ టక్కర్ తన పశువులకి రాయించుకున్న గుర్తు: ఎడమ చెవి కొసన పిట్ట తోకలాంటి చీలిక, కుడి చెవికి రంధ్రం.

"మొన్న మన దూడలకి చెవులెలా కోశావురా?"

"నాన్న నేర్పినట్టే. ఎడమ దానికి చీలిక, కుడి దానికి..." హోలిస్ ఆగిపోయాడు. "అక్కా, మరి మనవాడికి శిక్ష పడిందా?"

"కొరడా దెబ్బలు."

"మరి రాయి మీద ఏం చెక్కిద్దాం?"

"పేరు చెక్కించి, కింద ఆ కోసిన చెవుల బొమ్మ పెట్టిద్దాం," అంది లొరీనా నవ్వుతూ.