పిన్నీసులు లేని మనిషి

ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే సర్దుకొని చదవండి. నేను పలక పట్టిందే ముసలితనంలో. ఒక్కో మాట దగ్గర ఆగి ఊపిరి పీల్చుకుంటాను.

రెండు వేల ఐదులో, ఆలూరు దారిలోని మా చేనులో తవ్విన పసుపు కుప్ప పోసి ఉంది. తొందరగా ఉడకబెట్టకపోతే కుళ్ళిపోతుంది. కాలువ నీళ్ళు ఊరడంతో చేనంతా బురద. కడాయి ఎక్కించడానికి పొడిగా మిగిలింది ఎప్పటిదో పాత ఊరి దిబ్బ, పాటిగడ్డ ఒక్కటే.

అప్పుడే యూనివర్సిటీ నుంచి సుకుమార్ సారు ఒక మిషన్‌తో దిగాడు. కాలిన మట్టికి అయస్కాంత గుణం వస్తుందట, వేల ఏళ్ళయినా పోదట. గడ్డ కింద పాతకాలపు పొయ్యిలుంటే మిషన్ పట్టేస్తుందట. మళ్ళీ మంట పెడితే ఆ గుర్తు చెడిపోతుంది కాబట్టి, తన పని అయ్యేదాకా పొయ్యి వెలిగించవద్దన్నాడు. ఎప్పుడో చచ్చినవాళ్ళ వంటింటి కోసం నా పసుపు మురగాలన్నమాట.

మిషన్ మోయడానికి మా తోడికోడలు గంగమణిని పెట్టుకున్నాడు. ఇనుమున్నా మిషన్ పొయ్యి అనే చూపిస్తుందట, ఒంటి మీద ఉండకూడదంటే ఆమె కొడవలి పక్కన పెట్టింది. ఆమె ఎటు నడిస్తే అటు పొయ్యిలే. సారు మురిసిపోయాడు. అదే దారిలో ఇంకోసారి నడిపిస్తే పొయ్యిలు జరిగిపోయాయి. సారు తల పట్టుకొని, చివరికి ఆమె పుస్తెలతాడుకు గుత్తిగా వేలాడే పిన్నీసులు చూశాడు. తీయమన్నాడు.

"తాడుకున్నది తీస్తే మా ఆయనకు కీడు సారూ. నేను తియ్య."

ఆ ఆయన, మా మరిది నరహరి, గట్టు మీద బీడీ తాగుతూ, దగ్గుతూ కూర్చున్నాడు. ఆ దగ్గు వింటే కీడుకు పిన్నీసులతో పనిలేదనిపించింది నాకు.

"నాకు తాడే లేదు సారూ, ఇంక పిన్నీసులేడికెళ్ళొస్తయ్. గా మిషన్ గిటియ్యుండ్రి," అన్నాను. "మొగడు సచ్చినంక గిదొక్కటి కలిసొచ్చింది."

సారుకు నవ్వాలో వద్దో తెలియలేదు. మిషన్ మాత్రం ఇచ్చాడు. గంగమణిని దూరంగా గట్టు మీదికి పంపాడు. మంచి పనులప్పుడు నన్ను అలా దూరం నిలబెట్టేది ఆమే.

"అక్కా, మెల్లగ నడువు, పడతవ్," అని అక్కడి నుంచే అరిచింది.

"నువ్వు గాడనే కూసో. నీ గాలి తగిలితే మల్ల పొయ్యిలు లేస్తయ్."

గీత గీసినట్టు గడ్డంతా నడిచాను. తూర్పు పక్కన నిజంగానే కాలిన మట్టి ఉందట. సారు అక్కడ దారం కట్టాడు. పడమటి పక్క వట్టి మట్టి, మీ కడాయి అక్కడ పెట్టుకోండన్నాడు. ఆయన మనసు మారేలోగా పొయ్యి రాజేశాను.

నాగవ్వ, అరవై ఆరేళ్ళు. ఇప్పుడు మోర్తాడ్‌లో బిడ్డ ఇంట్లో ఉంటున్నాను.