జపాను పెళ్లిబట్టకు చెక్కిన అచ్చు

నేను ఒక అద్దకపు అచ్చును. పెడనలో, బ్రహ్మలింగాచారిగారి ఉలి కింద పుట్టాను. నా ఒంటి మీద పువ్వులు లేవు, నెమళ్లు లేవు. ఒకదాని చేయి ఒకటి పట్టుకున్న స్వస్తికాలున్నాయి, ఎక్కడా తెగని గీతతో.

ఈ నగిషీ జపానుది. నొరికో అనే ఆవిడ కాగితం మీద తెచ్చి, అద్దకం షాపు యజమాని గంగాధరం చేతికిచ్చింది. పెళ్లికూతురు తొడిగే కిమోనో అంగీకి లోపల వేసే బట్టకట. గీత తెగనట్టే వంశమూ తెగకూడదని వాళ్ల ఆశ. ఈ గుర్తు మన దేశం నుంచే బౌద్ధం వెంట చైనా వెళ్లి, అక్కడి పట్టుబట్టల మీద జపాను చేరిందని కూడా ఆవిడ చెప్పింది. ఇన్ని వందల ఏళ్లకు పుట్టింటికొచ్చిన ఆడపడుచుకు ఏం మర్యాద జరిగిందో వినండి.

ఆచారిగారు కాగితం చూసి నొసలు చిట్లించారు. స్వస్తికాల చేతులు ఎడమకు తిరిగి ఉన్నాయి. "శుభమా అని పెళ్లి చేసుకుంటా ఈ అపసవ్యమేంటి? గీసినోడెవడో పొరబడ్డాడు" అంటూ, గుడ్డ మీద కుడికి తిరిగేలా చెక్కేశారు. ఎవరినీ అడగలేదు. ముప్పై ఏళ్లు ఉలి పట్టినవాడికి అడగడం నామోషీ. ముక్కూమొహం తెలియని ఆ పెళ్లికూతురు చల్లగా ఉండాలనే చేశారు, పాపం.

నిజానికి ఆయన బతుకు నా మీదే ఉంది. "ఈ ఆర్డరు నిలిస్తే మీ పీట ఇక్కడే ఉంటది ఆచారిగారూ. లేదంటే నేనూ అచ్చులు మానేసి స్క్రీన్లే పెట్టుకుంటా" అని గంగాధరం ముందే చెప్పాడు.

నొరికోగారు మళ్లీ వచ్చి, నాతో అద్దిన గుడ్డను విప్పి చూసి పక్కన పెట్టేసింది. ఇలా కుడికి తిరిగితే లక్షలమందిని చంపిన ఓ జెండా గుర్తొస్తుందనీ, పెళ్లికి పనికిరాదనీ వెంట వచ్చిన దుబాసీ అమ్మాయి చేత చెప్పించింది. ఆ పిల్లే మళ్లీ అంది: "కానీ ఆయన చెయ్యి మాత్రం గొప్పదంటున్నారండీ. మళ్లీ ఆయనే చెక్కాలంట. ఎన్నాళ్లైనా ఆగుతారంట."

ఆ సమయానికి ఆచారిగారు భోజనానికి ఇంటికెళ్లి ఉన్నారు. విన్నది గంగాధరమూ, నేనూ. స్క్రీన్ల బల్లలు పెరట్లో దిగి అప్పటికే వారమైంది. అంటే ఆర్డరు నిలిచినా ఆ పీట నిలిచేది కాదు; ఆయన్ను పంపడానికి గంగాధరానికి ఒక సాకు కావాలి, అది దొరికింది. "ఆయన ఇంక చెక్కరండీ, చూపు ఆనట్లేదు" అని గంగాధరం ఆవిడను సాగనంపాడు. ఆచారిగారు రాగానే మొహం దిగాలుగా పెట్టి, "మీ పనే వద్దందండీ" అన్నాడు. మనుషులు అబద్ధం చెప్పేటప్పుడు ఎంత మర్యాదగా ఉంటారో!

ఆచారిగారు ఉలులు మూటగట్టుకున్నారు. నన్ను చంకలో పెట్టుకుని ఇంటికొచ్చారు.

"ఇంత పనితనం! ఉంచుకుందామండీ" అంది ఆయన భార్య సుందరమ్మ.

"నా చేతికి పట్టిన దరిద్రం అది. నీళ్లపొయ్యిలో పెట్టు."

ఆవిడకు చేతులు రాలేదు. ఆయనే పెట్టారు. మళ్లీ ఆయనే చెక్కాలన్న ఆ మాట ఆయన చెవిన వేద్దామంటే నాకు నోరు లేదు. నూనె తాగిన టేకును, బాగానే మండుతున్నాను. కాసేపట్లో నీళ్లు కాగుతాయి, ఆయన స్నానానికి వస్తారు.