బండి గుద్దుతుందని కూడా రుజువైంది

హలో, వినపడుతోందా అండీ? అందరూ కులాసానేనా? టీ తాగుతుంటే తాగుతూనే వినండి, కథ చిన్నదే.

ఒక కంప్యూటర్ ప్రొఫెసరమ్మ ఉండేది. మనిషి తోలకుండా తమంతట తామే నడిచే బండ్లు తప్పు చేయవని లెక్కకట్టి రుజువు చేయడం ఆవిడ పని. నాలుగుసార్లు నడిపి చూసి సరే అనేయడం కాదు. బండి ఎన్నిరకాలుగా నడవగలదో అన్నింటికీ కలిపి ఒకే రుజువు. ఆ రుజువును ఒక ప్రోగ్రాం సరిచూసేది.

ఈసారి వచ్చింది పిల్లల ఆసుపత్రి బండి. మందులు, దుప్పట్లు మోసుకుంటూ వరండాల్లో తిరుగుతుంది. ఎవరినీ గుద్దదని ఆవిడ సంతకం పెడితే మర్నాడే ప్రారంభం. సాయంత్రానికి ప్రోగ్రాం "రుజువైంది" అంది. ఆవిడ వెంటనే ఆసుపత్రి సూపరింటెండెంటుకు ఫోన్‌లో శుభవార్త చెప్పేసి ఒళ్ళు విరుచుకుంది.

ఆవిడ భర్త లాయరు. బెండకాయలు తరుగుతూ వంటింట్లోంచి కేకేశాడు.

"గెలిచావా కేసు?"

"గెలిచానండీ. ఇంత సాఫీగా ఎప్పుడూ అవలేదు."

"అవతలి లాయరెవరు?"

"అవతలి లాయరేంటి మీ మొహం, ఇదేమన్నా కోర్టా?"

"ఎదురు వాదించేవాడు లేకుండా గెలిస్తే అదేం గెలుపోయ్! గుద్దుతుందని అడిగి చూడు."

"ప్రోగ్రాం ఛీ పొమ్మంటుంది."

"అడగడానికేం, ఫీజు కట్టాలా?"

ఆయన నోరు మూయించడానికే "బండి మనిషిని గుద్దుతుంది" అని రాసి మీట నొక్కింది.

"రుజువైంది" అంది ప్రోగ్రాం.

గుద్దదనీ, గుద్దుతుందనీ రెండూ ఎలా రుజువవుతాయి! ప్రోగ్రాంకి తను రాసిచ్చిన షరతులన్నీ ఆవిడ మొదటినుంచి చదివింది. బండి ఎప్పుడూ మనిషి నడకకన్నా నెమ్మదిగానే వెళ్తుందని ఒకచోట ఉంది. వార్డుల మధ్య ఏటవాలు దారి ఉందని ఆసుపత్రివాళ్ళు తర్వాత చెబితే, బరువుతో అక్కడ దిగేటప్పుడు నడకకన్నా వేగంగా వెళ్తుందని తనే ఇంకోచోట చేర్చింది. పాతది తీసేయడం మరిచిపోయింది. ఒకదానికొకటి పొసగని ఆ రెండూ నిజమేనని నమ్మమంటే ఆ ప్రోగ్రాం ఇక దేనికైనా తలూపుతుంది. అందుకే అంత సాఫీగా అయింది!

పాత షరతు తీసేసి మళ్ళీ నడిపింది. ఈసారి ప్రోగ్రాం ఒప్పుకోలేదు. నిండు బరువుతో బండి దిగుతుండగా పిల్లవాడు అడ్డొస్తే మూరెడు దూరం దాటాక గానీ ఆగదని చూపించింది.

మూరెడు. ఆవిడ ఫోన్ తీసింది.

"సార్, రేపు బండి నడపకండి."

"అదేంటి మేడమ్! ఇందాకే కదా చెప్పారు? మంత్రిగారొస్తున్నారు, పందిరి కూడా వేశాం!"

"ఇందాక చెప్పింది తప్పు సార్. తప్పు నాదే. నేను సంతకం పెట్టను."

"నా పరువేం కావాలి మేడమ్?"

"నా పరువుతో పాటే పోతుంది సార్. పిల్లలకి మాత్రం ఏం కాదు."

సూపరింటెండెంటు ఫోన్ టక్కున పెట్టేశాడు. లాయరుగారు కత్తి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

కొన్నాళ్ళకి బండి తయారుచేసినవాళ్ళు ఏటవాలులో వేగానికి కళ్ళెం వేసి మళ్ళీ పంపారు. గుద్దదని అడిగింది: రుజువైంది. గుద్దుతుందని అడిగింది: కుదరదంది. అయినా ఆవిడ కలం తీయలేదు.

"ఏవండీ, ఇటు రండి. అవతలి లాయరుగా ఇంకేమైనా అడుగుతారా?"

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ పూట వంట ఆలస్యమైంది.

అంతేనండీ. మీ వాళ్ళలో మొదటిసారికే అంతా సరిగ్గా వచ్చేసిందని మురిసిపోతున్నవాళ్ళుంటే, ఈ కథ వాళ్ళకి కాస్త పంపించండి.