మూత కింది ఈల

ఆదివారం పొద్దున ఇల్లు ఊడ్చి, పొయ్యి పని అత్తకు వదిలేసి, ఇలక్కియ వాకిట్లో గోనెపట్ట పరుచుకునేది. దాని మీద పానాలు, అరిగిపోయిన పళ్ళ బ్రష్షు, గిన్నెలో కాస్త పెట్రోలు, పాత బనీను గుడ్డ. మోటారుసైకిలు ప్లగ్గు ఊడదీసి మసి గీకేది. కార్బురేటరు విప్పి, జెట్టు రంధ్రంలోకి నోటితో ఊది, వెలుతురుకేసి పట్టి చూసేది. అంతా బిగించి కిక్కరు కొడితే బండి మొదట దగ్గి, ఆ తర్వాత నోరు మూసుకుని పాడుతున్నట్టు "ఊఁ... ఊఁ..." అని సన్నగా మొదలెట్టేది. పని చేసేటప్పుడు ఇలక్కియ గొంతులోంచి వచ్చే కూనిరాగమే అది.

ఆ బండి అంతే. చివరిగా ఎవరు బాగుచేస్తే వాళ్ళ గొంతుతో ఆడుతుంది. మెకానిక్ మారి చెయ్యేసిన వారం మారిలాగా తుమ్మేది. తమిళనాట పెరియకుళంలో ఆ తెలుగు వీధి వాళ్ళకు ఇదేం వింత కాదు. బండి చప్పుడు వినగానే, "ఈ పొద్దు మారి చూసినట్టుంది" అనుకుని ఎవరి పనిలో వాళ్ళు పడేవాళ్ళు.

బండి ఇలక్కియ మామగారు ఆండిది. మామిడి తోటల్లో కాపలాకు దాని మీదే తిరిగేవాడు. ఆయన పోయాక కూడా బండి చాలాకాలం ఆయనలాగే రెండుసార్లు గొంతు సవరించుకుని కదిలేది. అత్త వళ్ళియమ్మాళ్ దాన్ని ఎవరినీ విప్పనిచ్చేది కాదు. రోజూ కొడుకు చేత ఒకసారి స్టార్టు చేయించి, గడపలో కూర్చుని వినేది. చివరికి ఒక వానాకాలం బండి మొరాయించింది. ఎవరు తన్నినా పలకలేదు. ఇలక్కియ కార్బురేటరు కడిగి బిగించింది. బండి కదిలింది కానీ ఆండి గొంతు పోయింది. ఆ రోజు వళ్ళియమ్మాళ్ అన్నం తినలేదు. అప్పటినుంచి కోడలితో అవసరమైన మాటే మాట్లాడుతుంది.

మొగుడు తమిళ్‌సెల్వన్ మాత్రం టీకొట్టు దగ్గర అందరికీ చెప్పుకునేవాడు. "మా ఇంటిది బండి విప్పిందంటే మారి కూడా పక్కకు జరగాల!" అతను మామిడికాయల లోడు లారీ తోలేవాడు. కాపు లేని రోజుల్లో ఖాళీ లారీ మీద ఇలక్కియకు స్టీరింగు నేర్పించింది అతనే. హెవీ లైసెన్సు కోసం దగ్గరుండి తీసుకుపోయిందీ అతనే. పనిలో మునిగితే అతనికి ముందుపళ్ళ సందులోంచి సన్నగా ఈల వేసే అలవాటు. ఇలక్కియకు ఆ ఈలంటే ఇష్టం.

తేని నుంచి మదురై మాట్టుతావణి బస్టాండుకు బస్సులు నడిపే ఒక కంపెనీ ఆడ డ్రైవర్లను కూడా తీసుకుంటుందని తెలిసి ఇలక్కియ ఫోను చేసింది. తెల్లారేసరికి షెడ్డుకు రమ్మన్నారు. షెడ్డు తేని దాటి తోటల మధ్య ఉంది. ఆ వేళకు బస్సులు లేవు. మొగుడేమో లోడుతో వెళ్ళాలి. బండే దిక్కు.

"ట్యాంకు నింపి పెట్టినా మే, పదిలంగా పో," అన్నాడు తమిళ్‌సెల్వన్.

లక్ష్మీపురం దాటగానే బండి ఆయాసపడి ఆగిపోయింది. ప్లగ్గు చూసింది, మెరుపు బాగానే ఉంది. పెట్రోలు గొట్టం చూసింది, ధారాళంగా రావాల్సిన పెట్రోలు బొట్లు బొట్లుగా కారుతోంది. ట్యాంకు ఊపి చూస్తే నిండుగా ఉంది. చాలాసేపటికి మళ్ళీ స్టార్టయ్యి, కాస్త దూరం పోయి మళ్ళీ ఆగింది. షెడ్డు చేరేసరికి మేనేజరు వెళ్ళిపోయాడు.

ఆ రోజు ఆమె బండిని షెడ్డు దగ్గరే వదిలి బస్సులో ఇల్లు చేరింది. సాయంత్రం బండిని తమిళ్‌సెల్వన్ తోలుకొచ్చాడు. అది అతనిలాగే ఈల వేస్తూ వచ్చింది. "దోవలో పాయింట్లు తుడిచినా, పలికింది," అన్నాడు. పాపం, అలిసిపోయి కూడా బాగుచేశాడనుకుంది ఇలక్కియ.

మరో అవకాశం వచ్చింది. ఆమె ముందురోజే అన్నీ విప్పి కడిగింది. పెట్రోలు వడగట్టే జల్లెడ కూడా మార్చింది. వీధి చివరి దాకా తోలి చూస్తే బండి కూనిరాగం తీస్తూ నడిచింది. అయినా తెల్లారి సరిగ్గా అక్కడికే పోయి ఆగింది. రోడ్డు పక్కన మైలురాయి మీద కూర్చుని, మసి పట్టిన చేతులు చూసుకుంటూ ఏడ్చింది. ఇన్నాళ్ళూ వీధి మెచ్చుకున్న తన చేతిపని ఒట్టి భ్రమేనేమో అనిపించింది. మరుక్షణం అత్త గుర్తొచ్చింది. ఆండి గొంతు పోగొట్టినందుకు ముసలామే ఏదో చేస్తోందని అనుమానం పడింది.

మేనేజరు ఫోనులో కసిరాడు. "ఇదే కడసారి. బండి చెడింది, గిండి చెడిందంటే ఇంకోళ్ళను చూసుకుంటాం."

ఈసారి ఇలక్కియ ఎవరినీ బండి దగ్గరికి రానివ్వలేదు. అన్నం కూడా వాకిట్లోనే, బండి పక్కన కూర్చుని తిన్నది. తమిళ్‌సెల్వన్ ఒక్కడే పెట్రోలు డబ్బాతో వచ్చాడు.

"బావా, ఏమీ తాకలేదు గదా?"

"లేదు మే. పెట్రోలు మట్టుక్కు పోసినా."

తెల్లవారుజామున బయలుదేరింది. బండి ఆమె రాగంతోనే లక్ష్మీపురం దాటింది. దాటి, ఆయాసపడి, ఆగింది. ప్లగ్గు, పాయింట్లు, గొట్టం ఏదీ విప్పలేదు. ఏదో తోచి ట్యాంకు మూత తిప్పింది.

"స్స్స్స్..." అని లోపలికి గాలి లాక్కుంది ట్యాంకు. ఆ చప్పుడు ఆగలేదు. సన్నబడి, సాగి, ఈల అయింది. ముందుపళ్ళ సందులోంచి వచ్చే ఈల.

మూత తిరగేసి చూసింది. గాలి పోయే చిన్న రంధ్రం మీద కొవ్వొత్తి మైనం గోటితో నున్నగా అద్ది ఉంది. గాలి ఆడక, పెట్రోలు దిగక, బండి దోవలో ఊపిరాడక చస్తోంది. పై మూతే కాబట్టి ఇంజను గొంతు మారలేదు. చేసినవాడి ఈల ట్యాంకులోనే మూతపడి ఉండిపోయింది.

ఆమె మైనం గీకలేదు. మూత బిగించకుండా వదులుగా పెట్టి కిక్కరు కొట్టింది. బండి మొదటి తన్నుకే పలికింది. ఈల వేస్తూనే తేని దాకా పోయింది. దారంతా ఇలక్కియ కళ్ళు కొంగుతో తుడుచుకుంటూనే ఉంది.

షెడ్డులో బస్సు ఎక్కాక మాత్రం ఏడవలేదు. మలుపులు తిప్పమంటే తిప్పింది. గోడల మధ్య సందులోకి వెనక్కి పెట్టమంటే పెట్టింది. మేనేజరు తల ఊపి, "సోమవారం నుంచి రామ్మా," అన్నాడు.

మధ్యాహ్నం వీధిలోకి వస్తుంటే కుళాయి దగ్గర పేచ్చియమ్మాళ్ ఈల విని పలకరించింది. "ఏమే, సెల్వం బాగుచేసినాడా బండి?"

"ఆమా అక్కా. ఆయనే చేసినాడు," అంది ఇలక్కియ.

సాయంత్రం తమిళ్‌సెల్వన్ ఇంటికొచ్చేసరికి బండి వాకిట్లో ఆడుతూ ఉంది. ఈల వేస్తోంది. అతను గేటు దగ్గరే ఆగిపోయాడు.

"తాకలేదంటివే బావా."

ఆమె మూత తీసి అతని చేతిలో పెట్టింది. "యాల ఇట్ల చేసినావు?"

"నీకంటే ముందర నేను పోయినా అదే షెడ్డుకు," అన్నాడు చివరికి. "వెనక్కి పెట్టేటప్పుడు గోడకు తగిలించినా. వద్దు పొమ్మన్నారు. ఇంట్లో ఎట్ల చెప్పేది? మళ్ళా నిన్ను పిలిచినారు. నా దగ్గరే నేర్చుకున్నదాన్ని."

"నాకు కష్టంగా ఉండాది, పోవద్దు అని ఒక్క మాట అనింటే?"

"అనింటే ఆగుంటావా?"

ఇలక్కియ నిజంగానే ఆలోచించింది. "ఏమో. నువ్వు అడగనే లేదు గదా. రోడ్డు పక్కన కూర్చుని నా చేతుల్ని నేనే తిట్టుకున్నా బావా. నా చేతికి పని రాదనుకున్నా. అత్త మీద పాపపు అనుమానం పడినా."

గడపలోంచి వళ్ళియమ్మాళ్ గొంతు వచ్చింది. "పాపం ఏమీ కాదులే. వాడు మైనం పెడతా ఉంటే మొదటి తడవే చూసినా నేను."

ఇలక్కియ అటు తిరిగింది.

"నా మొగుని గొంతు తీసేసినదానివి, ఇంట్లోనే పడుండు అనుకున్నా," అంది ముసలామె తల దించుకుని. "కడుపున పుట్టినవాడని నోరు మూసుకున్నా."

ఎవరి ముఖం చూడాలో తెలియక ఇలక్కియ బండి ఆపేసింది.

ఆ తర్వాత తమిళ్‌సెల్వన్ చాలా బతిమాలాడు. "ఒక్కసారి ప్లగ్గు తుడిచి పెట్టు మే. వీధంతా వింటుండాది." మైనం సంగతి అప్పటికే పొక్కింది. మారిని అడిగితే, "ఆమె చెయ్యి పడాల్సిన బండి, నేను ముట్టుకోను," అన్నాడు. తానే విప్పి బిగిస్తే మళ్ళీ తన ఈలే. టీకొట్టు ముందు పోతే మాటలు ఆగిపోయేవి. కొన్నాళ్ళకు బండిని వాకిట్లో వదిలి, లారీ స్టాండుకు నడిచి పోవడం మొదలుపెట్టాడు. నడుస్తూ ఈల వేయడం కూడా మానేశాడు.

ఇలక్కియ దాన్ని విప్పలేదు. ఆదివారాలు గోనెపట్ట పరవలేదు. తేనిలో తనతో పనిచేసే ఒకామెతో కలిసి గది తీసుకుంది. బయలుదేరే రోజు వళ్ళియమ్మాళ్ పులిహోర మూట చేతికిచ్చింది. ఇలక్కియ తీసుకుంది. పోయొస్తానని మాత్రం అనలేదు.

శిక్షణ అయ్యాక తానే బస్సు తోలిన మొదటి రోజు మాట్టుతావణిలో ఆపింది. జనమంతా దిగిపోయారు. కండక్టరు టీకి పోయాడు. ఇంజను ఆపబోతూ ఆమె చెయ్యి తాళం మీద ఆగింది. చెవి ఒగ్గి విన్నది. దగ్గు లేదు, రాగం లేదు, ఈల లేదు. అది ఎవరి గొంతూ కాదు, ఒట్టి ఇంజను. వెనక బస్సువాడు హారను కొట్టేదాకా ఆమె అలాగే వింటూ కూర్చుంది.