గింజ ఉండగానే దువ్వాలి

సుహాసిని నెలకొకసారి సైంటిస్టులతో మాట్లాడుతుంది. శ్రీకాకుళంలో తను పనిచేసే లైబ్రరీలోనే, పాత పత్రికలు పడేసే గదిలో ఫ్యాను ఆపేసి, ఫోను మధ్యలో పెట్టుకుని రికార్డు చేసి, నెట్లో పెడుతుంది. వినేవాళ్లు ఓ నాలుగొందల మంది. అందులో సగం పోటీ పరీక్షల వాళ్లు, మిగతా సగం ఎందుకు వింటారో ఆమెకీ తెలీదు. చీమకి దారెలా గుర్తుంటుంది, చుక్కలెందుకు చల్లారిపోతాయి అని పుస్తకాలు రాసినవాళ్లని పిలిచి మరీ అడుగుతుంది. మా అమ్మకి అర్థమయ్యేలా చెప్పండి అని ముందే షరతు పెడుతుంది. వాళ్లమ్మ మరిడమ్మ మటుకు ఒక్కటీ విన్న పాపాన పోలేదు.

ఈ శనివారం వచ్చేది షీబా.

షీబా బొబ్బిలి పాస్టరుగారి అమ్మాయి. ఇరవై నాలుగేళ్ల కిందట డిగ్రీ హాస్టల్లో ఇద్దరికీ ఒకే గది, ఒకే బకెట్టు. పై చదువు ఎంట్రన్సు ఇద్దరూ రాశారు. షీబాకి సీటొచ్చింది, సుహాసినికి రాలేదు. దాంతో ఉత్తరాలు ఆగిపోయాయి. ఆపింది సుహాసినే. అలిగానని ఒప్పుకోవడానికి ఆమెకి చాలా ఏళ్లు పట్టింది. ఒప్పుకునేసరికి షీబా పేపర్లో ఫొటోలు పడేంత మనిషైపోయింది. ఇప్పుడు పలకరిస్తే ఏదో పనిబడి పలకరించినట్టుంటుందని ఊరుకుంది. ఊరుకుందేగానీ మనసు ఊరుకోలేదు. ఎంత పెద్ద సైంటిస్టుతో మాట్లాడుతున్నా, ఈ కబుర్లు షీబాతో అయితే ఎంత బావుణ్ను అనిపించేది.

షీబా పుస్తకం పాత పనిముట్లలో ఉన్న సైన్సు గురించి. మొదటి అధ్యాయమే పొందూరు. అక్కడ ఖద్దరు నూలు వడికే ఆడవాళ్లు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ సన్నటి పళ్లు చేసే పని ఇనుప దువ్వెన ఎందుకు చెయ్యలేదన్న ప్రశ్నతోనే తన పరిశోధన మొదలైందని షీబా రాసింది. ప్రశ్న ఎవరిదంటే, 'ఎవరో అడిగారు' అని ఒక్క ముక్క రాసి సరిపెట్టేసింది.

ఆ అధ్యాయాన్ని సుహాసిని పొందూరులో ఉన్న అమ్మకి చదివి వినిపించింది. గింజలు తీసేసిన పత్తిని దువ్వుతారన్న చోట మరిడమ్మ నవ్వింది. గింజ ఉండగానే, దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని దువ్వుతారనీ, గింజ తీయడం ఆ తరవాతనీ చెప్పి, ఈ రాసినావిడ పొందూరు మొహం చూసిందా అని అడిగింది. సుహాసినికి నవ్వు రాలేదు. ఆ తప్పు తనది. పంతొమ్మిదేళ్లప్పుడు హాస్టల్ మేడ మీద తలలు ఆరబెట్టుకుంటూ, సరిగ్గా అలాగే తిరగేసి షీబాకి చెప్పింది. ఆ ప్రశ్న అడిగిందీ తనే. ఆ పని చేసే ఇంట్లోనే పుట్టి, ఆ పనంటే నామోషీ పడ్డ పిల్ల తప్ప ఇంకెవరూ అంత తప్పుగా చెప్పలేరు. అది మా పక్కింటివాళ్ల పని అని కూడా చెప్పింది.

అయితే ఆ 'ఎవరో' తనేనన్నమాట. సుహాసినికి ఒళ్లు మండింది. మంటకన్నా ఏడుపే ఎక్కువొచ్చింది. షీబా తనని మర్చిపోయిందా, గుర్తుండీ మింగేసిందా? అది తేల్చుకోవడానికే ఆమెని పిలిచింది.

శనివారం షీబా వచ్చింది. తల నెరిసింది, రంగెయ్యలేదు. గుమ్మంలో నమస్కారమండీ అంది. సుహాసిని రండి మేడమ్ అని కుర్చీ చూపించింది. అరగంటసేపు ఇద్దరూ బుద్ధిమంతుల్లా మాట్లాడుకున్నారు. ఎముక కాస్త లొంగుతుందనీ, ఇనుము లొంగదనీ, పోగు తెగకుండా ఉండాలంటే దువ్వేదానికి కూడా కొంచెం మెత్తదనం ఉండాలనీ షీబా చక్కగా చెప్పింది. వింటుంటే సుహాసినికి మళ్లీ ఆ మేడమీదికి వెళ్లిపోవాలనిపించింది. ఇక ఆగలేకపోయింది.

"మీ పుస్తకంలో ఒక తప్పుంది మేడమ్. గింజ ఉండగానే దువ్వుతారు."

"ఎవరు చెప్పారండీ?"

"మా అమ్మ. నలభై ఏళ్లు ఆ పనే చేసింది."

 ఈసారి షీబా నోరు తెరిచేసరికి అండీలు పోయి బొబ్బిలి యాస వచ్చేసింది.

"నాకు సెప్పిన పిల్ల తిరగేసి సెప్పింది. పక్కింటోళ్ల పని అనీసింది."

"ఆ పిల్ల పేరెందుకు రాయలేదు?"

"సోమారం నువ్వు ఊర్నుంచొస్తే జడ నిండా దూది ఉండీది. క్లాసుకెళ్లేటప్పుడు ఎనకాల నడిసి, నీకు తెలీకండా నేనే తీసీదాన్ని. మీ ఇంటి పని నా కాడే దాసీసినావు. నీ పేరెట్టి లోకానికెలా సెప్పీది?"

 ఇన్నేళ్లు తను అలిగి కూర్చున్నది ఈ మనిషి మీదా అనుకుంది సుహాసిని. ఫోనులో ఎర్ర చుక్క వెలుగుతూనే ఉంది. ఆపాలని కూడా అనిపించలేదు.

"నా పేరు రాసీవలసింది," అంది.

షీబా కుర్చీ ముందుకి లాక్కుని ఆమె చెయ్యి పట్టుకుంది. మళ్లీ అచ్చేసేటప్పుడు తప్పు దిద్దుతాననీ, పేరూ రాస్తాననీ మాటిచ్చింది. కింద కారుంది, బొబ్బిలికి రేపెళ్లినా ఫరవాలేదు, ఇప్పుడే పొందూరు వెళ్దామంది.

"మీ యమ్మ దువ్వతంటే ఓపాలి సూడాల. నువ్వే పక్కన కూసోని నాకు సెప్పాల."

సుహాసిని తల అడ్డంగా ఊపింది. వినేవాళ్లకి అది కనబడదని గుర్తొచ్చి, నోటితోనే చెప్పింది.

"మా యమ్మ సేతులు వణుకుతన్నాయని మానీసి ఆరేళ్లయింది. ఆ పని నేనూ ఏనాడూ కూసోని సూడలేదే."