వంకర దూలం

కుట్టుమిషన్‌తో బతికే మనిషి కంట వంకర పడితే ఇక నిద్ర పట్టదు. కాపురానికి వచ్చిన రోజు నుంచి ఆ ఇంటి నడిమి దూలం టైలరమ్మకు కంట్లో నలుసైంది. కర్ర స్తంభాలు, కర్ర దూలాలు, వాటి మధ్య మట్టిగోడలు, నెత్తిన ఎత్తైన గడ్డికప్పు. వెతికినా ఒక్క ఇనుప మేకు దొరకదు, అంతా చెక్క చీలలతో బిగించిందే. ముచ్చటైన ఇల్లే గానీ, ఆ దూలం మధ్యలో కిందికి వంగింది.

"కూలేదైతే ఎప్పుడో కూలేది. ఊరుకున్నంత ఉత్తమం లేదమ్మా" అనేది అత్తగారు.

వింటేనా? ఆవిడ వెనక గదిలో కునుకు తీసే వేళ చూసి, మెకానిక్ మొగుణ్ణి ఉసిగొల్పింది. అతను లారీ జాకీ తెచ్చి, దాని మీద మొద్దు నిలబెట్టి దూలాన్ని ఎత్తాడు. దూలం తిన్నగా అయింది. టైలరమ్మ మురిసిపోయింది.

ఆ మురిపెం ఎంతోసేపు నిలవలేదు. ఇల్లంతా కిర్రుమంది. కప్పులోంచి దుమ్ము రాలింది. ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డ కర్రలు కదా, ఒకటి కదిలితే అన్నీ కదిలాయి. వెనక గది ద్వారబంధం పక్కకు ఒరిగి, తలుపు బిగుసుకుపోయింది. ఆ గది కిటికీలోంచి పిల్లి దూరుతుంది గానీ మనిషి దూరలేడు.

టైలరమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. జాకీ దించితే కప్పు కూలుతుందేమోనని భయం, దించకపోతే అత్తగారు లోపలే. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

లోపలి నుంచి నింపాదిగా గొంతు వినిపించింది. "ఎత్తేశారా?"

"ఎత్తేశాం అత్తయ్యా."

"మీ మామగారూ కొత్తలో ఇదే నిర్వాకం చేశారు. ఎలా ఎత్తారో అలాగే దించండి. కాస్త దించి ఆగండి. ఇల్లు సర్దుకున్నాక మళ్ళీ కాస్త."

మెకానిక్ దించి ఆగాడు. ఎక్కడో ఒక చీల మూలిగింది. టైలరమ్మ తలుపుకు చెవి ఆనించి, అత్తగారి అలికిడి వింటూ నిలబడింది. అతను మళ్ళీ దించాడు. దూలం తన పాత వంకరలోకి ఒదిగింది. తలుపు దానంతటదే వదులైంది.

అత్తగారు తలకు తువ్వాలుతో దిండు కట్టుకుని బయటికొచ్చింది.

"ఇల్లు కూలదని నువ్వేగా అన్నావమ్మా" అన్నాడు కొడుకు, చెమట తుడుచుకుంటూ.

"ఇంటి మీద నమ్మకం ఉందిరా. లేనిది మీ మీదే."

టైలరమ్మ ఫక్కున నవ్వింది. నవ్వుతూనే అత్తగారిని వాటేసుకుని ఏడ్చేసింది.

"సర్లే, ముందు ఈ ముడి విప్పు" అంది అత్తగారు.

అది చిన్న ముడే. కళ్ళు తుడుచుకుంటూ విప్పేసరికి టైలరమ్మకు చాలాసేపు పట్టింది.